స్టెబిలైజర్ రాడ్ ఎంపిక, అమరిక: దక్షిణ తెలంగాణ రోడ్లపై కారు నడిపేవారికి

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి, దోమలపెంట, ఈగలపెంటల మీదుగా డ్యాం వైపు దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ కారు బయటి వైపుకు ఒరుగుతోందని, వెనక సీట్లో కూర్చున్నవారికి కడుపులో తిప్పుతోందని చెప్పి చాలామంది లావుపాటి స్వే బార్ (స్టెబిలైజర్ రాడ్) కోసం వెతకడం మొదలుపెడతారు. ఆ కోరిక సహేతుకమైనదే. అయితే అదే కారు మిగిలిన రోజుల్లో దేవరకొండ, హాలియా, అచ్చంపేట చుట్టుపక్కల సింగిల్ రోడ్ల మీద తిరగవలసి ఉంటుంది కాబట్టి, ఘాట్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని కొన్న బార్ ఇంటి దగ్గరి దారుల్లో ఇబ్బంది పెడుతుంది. కారు ఏ చివర ముందుగా పట్టు తప్పుతోందో తెలుసుకుని, ఆ లోపాన్ని సరిచేయడానికి చాలినంత చిన్న మార్పును మాత్రమే ఎంచుకోవాలన్నది ఈ వ్యాసంలోని సలహా.

స్వే బార్, యాంటీ రోల్ బార్, మన మెకానిక్‌ల మాటలో స్టెబిలైజర్ రాడ్, ఇవన్నీ ఒకే వస్తువు. ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలుపుతూ యు ఆకారంలో ఉండే స్ప్రింగ్ స్టీలు కడ్డీ ఇది. దీని నడుమ భాగం రెండు రబ్బరు బుష్‌లలో (కడ్డీని పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలలో) కూర్చుని సబ్‌ఫ్రేమ్‌కు, అంటే కారు అడుగు చట్రానికి, బిగించి ఉంటుంది. ఆర్మ్‌లు అనే వంగిన రెండు చివరలు లింక్ రాడ్‌లు అనే పొట్టి కడ్డీల ద్వారా స్ట్రట్‌కు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్న నిలువు భాగానికి) గాని, లోయర్ ఆర్మ్‌కు (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయికి) గాని కలుస్తాయి. మలుపులో బయటి చక్రం బాడీ వైపు పైకి, లోపలి చక్రం కిందికి కదులుతాయి కాబట్టి కడ్డీ తడి బట్టను పిండినట్టు మెలిపడుతుంది, ఆ మెలిక విప్పుకోవడానికి అది చూపే బలం ఒరుగును తగ్గిస్తుంది. రెండు ముందు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు మాత్రం కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది తప్ప ఏ బలమూ చూపదు. అందుకే లావు బార్ వేయించిన తరువాత కూడా ఊరి మొదట్లోని స్పీడ్ బ్రేకర్ మీద కారు మునుపటిలాగే ఉంటుంది, తేడా ఒక్క చక్రం గుంతలో పడినప్పుడే తెలుస్తుంది.

ఇక్కడే మన రోడ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సింగిల్ రోడ్డు మీద ఎదురుగా బస్సు గాని, వడ్ల ట్రాక్టరు గాని వచ్చినప్పుడు ఎడమ చక్రాలను తారు అంచు దించి మట్టి మార్జిన్‌లోకి పోనివ్వడం మనకు నిత్యకృత్యం. ముందు ఎడమ చక్రం ఆ అంచు దిగిన క్షణంలో బార్ మెలిపడి, కింద ఉన్న చక్రాన్ని నేలకు ఆనకుండా పైకి లాగుతుంది, దానితోపాటు బాడీని కూడా అటువైపు వంచుతుంది. బార్ ఎంత గట్టిదైతే ఆ లాగుడు అంత ఎక్కువ. లోపల కూర్చున్నవారి తలలు కిటికీ వైపు ఒక్కసారి ఊగుతాయి, మార్జిన్‌లో కంకర గాని, బురద గాని ఉంటే ఆ చక్రం పట్టు కూడా తగ్గుతుంది. ట్రాక్టర్ల కేజ్ వీల్స్ (ఇనుప బురద చక్రాలు) తిరిగి తారు లేచిపోయిన ఆయకట్టు రోడ్లలో ఇది కిలోమీటరుకు పలుమార్లు జరుగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు, లేదా 65వ నంబరు రహదారి మీద నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు మాత్రమే తిరిగేవారికి ఈ బాధ తక్కువ. వారు మరొక మెట్టు గట్టి బార్‌ను కూడా ధైర్యంగా ఎంచుకోవచ్చు.

బార్ పట్టును పుట్టించదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే మొత్తం బరువును కారు గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, వేగం, మలుపు వంపు నిర్ణయిస్తాయి. ఆ బరువులో ఎంత భాగం ముందు చక్రాల మీదుగా మారాలి, ఎంత భాగం వెనక చక్రాల మీదుగా మారాలి అన్నదాన్ని మాత్రమే బార్‌లు మార్చగలవు. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఏ చివర బార్‌ను గట్టిపరిస్తే ఆ చివర రెండు టైర్ల ఉమ్మడి పట్టు కొంత తగ్గుతుంది. ముందు బార్ గట్టిగా ఉంటే స్టీరింగ్ తిప్పినా కారు ముందుకే జారుకుపోయే అండర్‌స్టీర్ పెరుగుతుంది. వెనక బార్ గట్టిగా ఉంటే వెనక భాగం బయటికి విసిరే ఓవర్‌స్టీర్ వైపు మొగ్గుతుంది. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (చక్రాన్ని పై నుంచి ఒకే స్ట్రట్ పట్టి ఉంచే అమరిక) ఉన్న కార్లలో దీనికి ఒక మినహాయింపు ఉంది. బాడీ బాగా ఒరిగినప్పుడు వాటి ముందు టైర్లు నేలకు నిటారుగా నిలవక అంచు మీద నడుస్తాయి, అందువల్ల ముందు బార్‌ను కొద్దిగా గట్టిపరిచినప్పుడు ముందు పట్టు తగ్గకపోగా ఒక్కోసారి మెరుగుపడుతుంది. ఆ మేలు మొదటి మెట్టు వరకే; దాని తరువాత నష్టమే మిగులుతుంది.

కొనే ముందు చూడవలసినవి

ఒరుగు ఎక్కువైందని వచ్చే కార్లలో చాలావాటికి కొత్త బార్ అవసరమే ఉండదు. ముందుగా డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కరు ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడండి. తరువాత లింక్ రాడ్‌లను చూడండి. నల్గొండ వైపు ఎండలు 45 డిగ్రీలు దాటే వేసవులకు లింక్ చివరి బాల్ జాయింటును (గుండ్రని కీలును) కప్పే రబ్బరు తొడుగులు, అంటే బూట్లు, పగుళ్లిస్తాయి, ఆ పగులులోంచి దుమ్ము లోపలికి చేరి గ్రీజుతో కలిసి సానరాయి పొడిలాంటి ముద్దగా మారుతుంది, బాల్ జాయింటు లోలోపలే అరిగిపోతుంది. బూటును వేలితో పక్కకు నొక్కి చూస్తే నల్లని గ్రీజుకు బదులు ఎర్రమట్టి రంగు ముద్ద కనిపించిందంటే ఆ లింక్ పని అయిపోయినట్టే. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి టకటకమని వినిపించే శబ్దం కూడా చాలాసార్లు ఈ లింక్‌దే. షాక్ అబ్జార్బర్ అని అనుమానించి ఖర్చు పెట్టే ముందు లింక్‌ను చేత్తో పట్టుకుని ఊపి చూడడం మంచిది. అయితే రెండు చక్రాలూ సమానంగా నేల మీద ఉన్నప్పుడే అలా చూడాలి. ఒక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపితే బార్ మెలిపడి లింక్‌ను బిగువుగా పట్టేస్తుంది, అరుగు బయటపడదు.

నడుమ బుష్‌లు వదులైతే బార్ మెలిపడడానికి ముందు కొంత దూరం ఉత్తినే కదులుతుంది, కారు మొదట ఒరిగి ఆ తరువాత ఆగుతుంది. ఆ కారుకు కొత్త బుష్‌లు, కొత్త లింక్‌లు, వీల్ అలైన్‌మెంట్ చాలు. ఇవన్నీ సరిగ్గా ఉన్న తరువాత కూడా ఒరుగు ఇబ్బంది పెడుతుంటేనే బార్ గురించి ఆలోచించాలి.

ముందు బార్ మార్చాలా, వెనకదా?

మన దగ్గర అమ్ముడయ్యే చిన్న కార్లు, కాంపాక్ట్ ఎస్‌యూవీలలో అత్యధికం ముందు చక్రాలతో నడిచేవి. కంపెనీలు వాటిని భద్రత కోసం కావాలనే అండర్‌స్టీర్ వైపు అమరుస్తాయి. ముందు టైర్ల బయటి భుజాలు త్వరగా అరగడం, మలుపులో ఇంకా ఇంకా స్టీరింగ్ తిప్పవలసి రావడం దీని గుర్తులు. ఇలాంటి కారులో ముందు బార్‌ను లావు చేస్తే ఒరుగు తగ్గి బాగుందనిపిస్తుంది గాని, మలుపు చివర యాక్సిలరేటర్ నొక్కినప్పుడు తేలికపడిన లోపలి ముందు చక్రం ఊరికే తిరుగుతుంది. వీటికి వెనక గట్టిదనాన్ని కొద్దిగా పెంచడమే సరైన దారి. కొద్దిగా అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. వెనక బార్ మరీ గట్టిదైన కారులో వాన పడుతున్న మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు మారి వెనక చక్రాలు జారిపోతాయి, అలా తిరిగిన కారును సాధారణ డ్రైవర్ తిరిగి అదుపులోకి తెచ్చుకోవడం కష్టం. ముందుకు జారే కారు కంటే వెనక విసిరే కారు ఘాట్‌లో ఎన్నో రెట్లు ప్రమాదకరమని నేను భావిస్తాను.

వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే, మెలిపడే అడ్డు బీమ్) ఉన్న కార్లలో మరో సంగతి గమనించాలి. మన హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనక విడిగా స్టెబిలైజర్ రాడ్ ఉండదు. ఆ అడ్డు బీమే మెలిపడుతూ రాడ్ పని చేస్తుంది. వాటికి బీమ్‌కు బోల్టులతో బిగించే అదనపు బార్‌లు దొరుకుతాయి. మీ మోడల్ కోసమే తయారైనది దొరికితేనే వేయించండి. బీమ్‌కు రంధ్రాలు కొట్టించడం గాని, వెల్డింగ్ చేయించడం గాని వద్దు, ఎందుకంటే ప్రతి గతుకుకూ మెలిపడే లోహంలో వెల్డింగ్ అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. అదే కారణంగా లేత్ షాపులో కడ్డీని కాల్చి వంచి చేయించిన బార్‌ను కూడా నమ్మకూడదు. స్ప్రింగ్ స్టీలుకు బలాన్నిచ్చేది దానికి చేసిన ఉష్ణ చికిత్స, కొలిమిలో పెట్టగానే అది పోతుంది.

లావు లెక్క

బార్ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. దుకాణంలో చేత్తో పట్టుకుంటే 20 మి.మీ. బార్‌కూ 22 మి.మీ. బార్‌కూ పెద్ద తేడా కనిపించదు, కాని రెండోది సుమారు 46 శాతం ఎక్కువ గట్టిది. 20 నుంచి 24 మి.మీ.కు వెళితే గట్టిదనం రెట్టింపును మించిపోతుంది. కాబట్టి కంపెనీ బార్ వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, దాని కంటే 2 మి.మీ.కు మించి లావు లేనిదాన్ని ఎంచుకోవడం మన రోడ్లకు తగిన హద్దు. కొలిచేటప్పుడు పెయింట్ పొర మందాన్ని, తుప్పును గీకి చూడండి. బార్ 46 శాతం గట్టిపడినంత మాత్రాన ఒరుగు అంత శాతం తగ్గదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒరుగును ఆపడంలో స్ప్రింగులకూ వాటా ఉంటుంది.

లోపల బోలుగా ఉండే బార్‌ను చూసి తక్కువ రకమని అనుకోవలసిన పని లేదు. మెలికను ఆపేది ప్రధానంగా బయటి పొర. 25 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. గోడ మందం ఉన్న బోలు బార్ అదే వ్యాసపు నిండు బార్ బరువులో 54 శాతమే ఉంటుంది, గట్టిదనంలో మాత్రం 79 శాతం ఇస్తుంది. బార్ ఆర్మ్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది: చివర గట్టిదనం ఆ పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. ఆర్మ్ మీద రెండు మూడు రంధ్రాలున్న బార్‌ను సర్దుకోగలగడం ఇందువల్లనే. నడుమ కడ్డీకి 250 మి.మీ. దూరంలోని రంధ్రం నుంచి 230 మి.మీ. దూరంలోని రంధ్రానికి లింక్‌ను మార్చితే సుమారు 18 శాతం గట్టిదనం పెరుగుతుంది. చిట్టచివరి రంధ్రం అన్నిటికంటే మెత్తనిది, లోపలికి వచ్చే కొద్దీ గట్టిది. ధర కొంత ఎక్కువైనా రంధ్రాలున్న బార్‌నే కొనమని చెబుతాను, ఎందుకంటే మొదటిసారే సరిగ్గా కుదరడం అరుదు.

బుష్‌ల విషయంలో పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) మామూలు రబ్బరు కంటే త్వరగా స్పందిస్తుంది, కాని గ్రీజు ఎండిపోయిన తరువాత కిర్రుమని మోగుతుంది, దుమ్ము రోడ్లలో ఆ సమయం త్వరగానే వస్తుంది. దానికి సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. గ్యారేజీ డబ్బాలోని మామూలు పెట్రోలియం గ్రీజు రబ్బరు బుష్‌కు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. రోజువారీ కారుకు కొత్త రబ్బరు బుష్‌లే చాలు. లింక్‌లలో కూడా బూటు లేకుండా బయటికి కనిపించే రాడ్ ఎండ్ జాయింట్లు రేసు కార్లకు బాగుంటాయి గాని మహబూబ్‌నగర్ దుమ్ములో నిలవవు. బూటు ఉన్న బాల్ జాయింటు, పొడవు సర్దుకునే వీలున్న లింక్ తీసుకోండి.

బిగించే పద్ధతి

సమతలమైన గచ్చు మీద, వీలైతే ర్యాంప్ మీద ఈ పని చేయాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. రెండు చక్రాలనూ ఒకే ఎత్తుకు లేపితేనే బార్ బిగువు వదులుతుంది, లింక్ బోల్టు సులభంగా వస్తుంది. నట్టు తిప్పుతుంటే బాల్ స్టడ్ కూడా దానితో పాటే తిరగడం ఈ పనిలో మామూలు ఇబ్బంది. స్టడ్ చివర ఉండే గాడిలో ఆలెన్ కీ పెట్టి అదిమి పట్టుకుని, పానాతో నట్టును తిప్పండి. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. కొన్ని పాత చిన్న కార్లలో ఈ రాడ్డే లోయర్ ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచుతుంది. అలాంటి కార్లలో రాడ్ తీసేసి కారును కదిలించకూడదు, రాడ్ మార్చిన తరువాత అలైన్‌మెంట్ తప్పక చేయించాలి.

కొత్త బార్ ఎక్కించిన తరువాత అది ఎడమకూ కుడికీ సమదూరంలో ఉందో లేదో చూసి, పక్కకు జరగకుండా ఆపే కాలర్లుంటే వాటిని బుష్‌ల పక్కన బిగించండి. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడూ, పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడూ బార్ డ్రైవ్ షాఫ్ట్‌కు, బ్రేక్ గొట్టానికి, సైలెన్సర్ పైపుకు తగలకూడదు. రెండు స్థితుల్లోనూ వేలు దూరేంత సందు కనిపించాలి. ఇలా చూడకుండా వదిలేస్తే బ్రేక్ గొట్టం రాసుకుని తెగే ప్రమాదం ఉంది.

చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడిన తరువాతే చేయాలి. కారును నేల మీదికి దించి, డ్రైవర్ సీట్లో మీ బరువుకు దగ్గరగా 25 కిలోల బియ్యం సంచులు పెట్టి, ముందు వెనకలను రెండు మూడు సార్లు నొక్కి వదలండి. ఒక వైపు లింక్‌ను బిగించాక రెండో వైపు బోల్టు తన రంధ్రంలోకి వేళ్లతో తోస్తే వెళ్లిపోవాలి. సుత్తి అవసరమైతే బార్ అప్పటికే మెలిపడి ఉన్నట్టు. ఆ లింక్ పొడవును తిప్పి సరిచేయండి. ఈ చిన్న పనిని చాలామంది వదిలేస్తారు. దాని ఫలితంగా కారు ఎడమ మలుపులో ఒకలాగా, కుడి మలుపులో మరొకలాగా ప్రవర్తిస్తుంది, తరువాత దోషమంతా అలైన్‌మెంట్ చేసినవారి మీదికి పోతుంది. లింక్ రాడ్ బార్ ఆర్మ్‌కు దాదాపు లంబకోణంలో నిలిచేలా చూడండి. స్ప్రింగులు మార్చి కారు ఎత్తు పెంచినవారికి ఆ కోణం దెబ్బతింటుంది కాబట్టి పొడవైన లింక్‌లు కావాలి. నట్లను సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన మేరకు టార్క్ రెంచ్‌తోనే (బిగింపు బలాన్ని కొలిచే పానాతోనే) బిగించి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి సరిచూడండి.

సర్దుబాటు

మొదట అన్నిటికంటే మెత్తని రంధ్రంతోనే మొదలుపెట్టాలి. పరీక్ష కోసం ఘాట్‌నో, జాతీయ రహదారినో ఎంచుకోవద్దు. ఊరి శివార్లలో ప్లాట్లు చేసి తారు రోడ్లు వేసి, ఇంకా ఒక్క ఇల్లు కూడా లేవని వెంచర్లు మనకు కొదవలేదు. యజమాని అనుమతితో అక్కడి ఖాళీ మలుపుల్లో 30, 40 కిలోమీటర్ల వేగంతో కారు తీరు చాలావరకు తెలిసిపోతుంది. ప్రతిసారీ అదే మలుపు, అదే టైరు గాలి, అదే బరువు ఉండాలి. ఒకసారి ఒకే చివర ఒకే మార్పు చేసి, గమనించినదాన్ని పుస్తకంలో రాసుకోండి. ముందు ఇంకా జారుతుంటే వెనక ఒక రంధ్రం గట్టిపరచండి, లేదా ముందు బార్‌కు రంధ్రాలుంటే దాన్ని ఒకటి మెత్తపరచండి. వెనక కదులుతున్నట్టు ఏ మాత్రం అనిపించినా వెంటనే వెనక్కి మార్చండి. ఒక రంధ్రం చాలక, రెండోది ఎక్కువవుతుంటే ఒక వైపు లింక్‌ను మాత్రమే లోపలి రంధ్రానికి మార్చవచ్చు. అది మధ్యస్థమైన గట్టిదనాన్ని ఇస్తుంది, ఎడమ కుడి మలుపుల మధ్య తేడా తేదు.

తరువాత అదే కారును మీరు రోజూ వెళ్లే గతుకుల రోడ్డు మీదికి తీసుకెళ్లండి. నేరుగా పోతున్నప్పుడే తలలు పక్కలకు ఊగుతుంటే మలుపుల్లో ఎంత బాగున్నా ఆ అమరిక మీకు పనికిరాదు. కుటుంబమంతా కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు కూడా ఒకసారి నెమ్మదిగా పరీక్షించండి, ఎందుకంటే వెనక బరువు పెరిగిన కారు ఖాళీ కారులా తిరగదు. ఈఎస్‌పీ (కారు జారినప్పుడు చక్రాలకు తనంతట తానే బ్రేకు వేసి సరిచేసే ఏర్పాటు) ఉన్న కారును కంపెనీ తన బార్‌లకు తగినట్టు ట్యూన్ చేసి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఆ దీపం మునుపటి కంటే తరచుగా మెరుస్తుంటే మీరు హద్దు దాటుతున్నారని అర్థం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని చెబుతుంది. బార్ వ్యాసం ఆ సర్టిఫికెట్‌లో ఉండదు. అయినా వారంటీ ఉన్న కారుకు సర్వీస్ సెంటర్ అభిప్రాయాన్ని ముందే తీసుకుని, ఇన్సూరెన్స్ సంస్థకు మార్పును రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు దాచుకోండి. తీసేసిన కంపెనీ బార్‌ను పాత ఇనుప సామానుకు వేయకుండా బుష్‌లు, క్లాంపులతో సహా ఇంట్లో ఉంచండి. కారు అమ్మే రోజున అది అవసరపడుతుంది.

తొలకరికి ముందు వెనక బార్‌ను ఒక రంధ్రం మెత్తపరిచి, దసరా దాటాక మళ్లీ మార్చుకోవడం రంధ్రాలున్న బార్ కొన్నవారికి అరగంట పని. బురద చక్రాల ట్రాక్టర్లు తారు రోడ్డెక్కే మిర్యాలగూడ, హాలియా ప్రాంతాలవారు మాత్రం నాట్లు పూర్తయ్యేదాకా ఆ మెత్తని రంధ్రంలోనే ఉంచడం మంచిది. కోతల తరువాత రోడ్డు మీద వడ్లు ఆరబోసే రోజుల్లో కూడా అంతే, గింజల మీద ఏ బార్‌తోనూ టైరు నిలవదు కాబట్టి అక్కడ వేగాన్ని తగ్గించడం తప్ప వేరే మార్గం లేదు.